పాతిక లక్షల సూది... మూడున్నర వేలకు!

ఒకటే మందు. ఆరు నెలలకోసారి పొట్ట దగ్గర చర్మం కింద వేస్తారు. అమెరికాలో దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన లెక్కలో దాదాపు పాతిక లక్షల రూపాయలు! సరిగ్గా అదే మందును ఏడాదికి 40 డాలర్లకు, అంటే మూడున్నర వేల రూపాయలకు అటూఇటూగా ఇస్తామని 2025 సెప్టెంబరులో రెండు కంపెనీలు ముందుకొచ్చాయి. ఆ కంపెనీలు ఎక్కడివో తెలుసా? రెండూ హైదరాబాద్‌వే. ఒకటి డాక్టర్ రెడ్డీస్, రెండోది హెటిరో.

మందు పేరు లెనకాపవిర్. నోరు తిరగని పేరే. చేసే పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. హెచ్ఐవీ సోకనివాళ్లకు అది సోకకుండా కాపాడుతుంది. 'సైన్స్' పత్రిక 2024 సంవత్సరానికి అతిపెద్ద ముందడుగు ఇదేనని ప్రకటించింది.

'అయితే ఎయిడ్స్‌కి టీకా వచ్చేసిందన్నమాట' అనుకునేరు. కాదు. టీకా అయితే శత్రువును గుర్తుపట్టడం ఒంటికి నేర్పి తన దారిన తాను పోతుంది. ఇది మందు. ఒంట్లో ఉన్నన్నాళ్లే కాపలా. సూది వేసినచోట చిన్న నిల్వలా ఉండిపోయి మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతుంది. హెచ్ఐవీ వైరస్ తన జన్యుపదార్థాన్ని ఒక ప్రొటీన్ తొడుగులో దాచుకుంటుంది. కణంలోకి దూరి, లోపల సరుకు దింపి, కొత్త వైరస్‌లను తయారుచేయించడం దాని పద్ధతి. ఆ తొడుగు అవసరానికి తగ్గట్టు విడిపోవాలి, మళ్లీ అల్లుకోవాలి. ఈ మందు ఆ తొడుగుకే అతుక్కుని దాన్ని ఎటూ కదలనివ్వదు. ఇక వైరస్ ఆట అక్కడితో సరి.

రోజూ ఓ మాత్ర... చెప్పినంత తేలికా?

నిజానికి ముందుజాగ్రత్తగా మందు వేసుకుని హెచ్ఐవీ రాకుండా చూసుకోవడం కొత్త ఆలోచనేం కాదు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులు కలిపిన మాత్రను క్రమం తప్పకుండా వేసుకుంటే ముప్పు బాగా తగ్గుతుందని 2010లోనే తేలింది. 2012 జులైలో అమెరికా దానికి అనుమతిచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముప్పు ఎక్కువగా ఉన్న వాళ్లందరికీ ఇవ్వొచ్చని చెప్పింది. డాక్టర్లు దీన్ని 'ప్రెప్' అని పిలుచుకుంటారు.

ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లంటే ఎవరు? భార్యాభర్తల్లో ఒకరికి వైరస్ ఉండి రెండోవారికి లేని జంటలు. సెక్స్ వర్కర్లు. పురుషులతో సంబంధాలున్న పురుషులు. హిజ్రాలు. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ చదివే పేజీలో ఇవన్నీ ఎందుకంటారా? తెలుగునాట ఈ జబ్బు నడిచొచ్చిన దారి గుర్తుచేసుకోండి. పెళ్లయ్యాక భర్త తప్ప మరో మనిషి ఎరగని ఇల్లాళ్లు ఎంతమంది దీని బారిన పడ్డారో, కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకోబోయి ఎంతమంది మొదటిసారి ఆ సంగతి విన్నారో మన పల్లెలకు తెలుసు. ఇది 'వాళ్ల' జబ్బు అని గీత గీసుకున్నంతకాలం అది గీత దాటుతూనే ఉంది.

సరే, మాత్ర ఉంది కదా, మళ్లీ సూది ఎందుకు? సమాధానం దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దొరికింది. అక్కడ పదహారు నుంచి పాతికేళ్లలోపు అమ్మాయిల మీద జరిగిన పరీక్షల ఫలితాలు 2024 జూన్‌లో బయటికొచ్చాయి. లెనకాపవిర్ సూది వేయించుకున్న 2,134 మందిలో వైరస్ సోకింది ఎంతమందికి? ఒక్కరికీ లేదు. సున్నా! రోజూ పాత మాత్ర వేసుకోమని చెప్పిన 1,068 మందిలో 16 మందికి సోకింది. మరో పరీక్షలో పురుషులు, ట్రాన్స్‌జెండర్లు పాల్గొన్నారు. వాళ్లలో సూది తీసుకున్న 2,179 మందిలో ఇద్దరికి మాత్రమే వచ్చింది.

అలాగని మాత్ర పనిచేయదని కాదు. వేసుకుంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వేసుకోవడమే కష్టం. బీపీ బిళ్ల వేసుకోవడం మరిచిపోయే నాన్నలు ఎన్ని ఇళ్లలో లేరు? పైగా ఇది బీపీ బిళ్ల కాదు. ఆ డబ్బా అత్తగారి కంటపడితే ఒక ప్రశ్న. హాస్టల్లో తోటి అమ్మాయి చూస్తే మరో ప్రశ్న. 'నీకెందుకివి? నీకా జబ్బుందా?' అని. లేదు, రాకుండా ఉండటానికి వేసుకుంటున్నానంటే 'అసలు రావాల్సిన అవసరమేంటి?' అని ఇంకోటి. ఆరు నెలలకోసారి ఆస్పత్రికెళ్లి సూది వేయించుకొస్తే ఇంట్లో దాచాల్సిందేమీ ఉండదు. ఈ మందు అసలు గొప్పతనం అదే. రసాయనశాస్త్రం తరవాత సంగతి.

మొదటిసారి సూది వేసిన రోజు, ఆ మర్నాడు మాత్రం రెండేసి మాత్రలు మింగాలి. మందు పట్టు అందుకునేదాకా అన్నమాట.

ధర ఎలా దిగింది?

ఈ మందును కనిపెట్టింది గిలీడ్ అనే అమెరికా కంపెనీ. పేటెంట్ దానిది కాబట్టి ధర చెప్పేదీ అదే. 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి రాగానే ధర ప్రకటించింది. కొత్త మందు కనిపెట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి, ఎన్నో ప్రయోగాలు మధ్యలోనే ఆగిపోతాయి అని కంపెనీలు అంటాయి. అందులో అబద్ధం లేదు. కానీ ధర నిర్ణయించేటప్పుడు కంపెనీలు చూసేది తయారీ ఖర్చును కాదు, కొనేవాడి జేబును. భారీగా తయారుచేస్తే ఇదే మందు మనిషికి ఏడాదికి 40 డాలర్లకే ఇవ్వొచ్చని ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిల్ బృందం 2024లోనే లెక్కగట్టింది. అప్పట్లో ఆ లెక్క చూసి పెదవి విరిచినవాళ్లున్నారు. మరుసటేడు మన కంపెనీలు చెప్పింది కూడా ఆ అంకెనే!

2024 అక్టోబరులో గిలీడ్ ఆరు జెనరిక్ కంపెనీలకు లైసెన్సులిచ్చింది. డాక్టర్ రెడ్డీస్, హెటిరో, ఎమ్‌క్యూర్, మైలాన్... ఇలా. వాళ్లు తయారుచేసి 120 దేశాల్లో అమ్ముకోవచ్చు. అయితే లైసెన్సు ఉంటే సరిపోదు. కొనేవాళ్లు లేని సరుకు కోసం ఏ కంపెనీ యంత్రాలు బిగించదు. సరుకు లేనిదే ధర తగ్గదు. ధర తగ్గనిదే కొనేవాళ్లు రారు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదన్న సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. ఆ ముడి విప్పడానికి గేట్స్ ఫౌండేషన్ హెటిరోకు ముందే డబ్బిచ్చి, ఇంత సరుకు అమ్ముడుపోతుందని హామీ కూడా పడింది. యునిట్ఎయిడ్, క్లింటన్ హెల్త్ యాక్సెస్ ఇనీషియేటివ్, దక్షిణాఫ్రికాలోని విట్స్ పరిశోధన సంస్థ కలిసి డాక్టర్ రెడ్డీస్‌తో ఒప్పందం చేసుకున్నాయి. 2027 నుంచి ఆ ధరకు అందిస్తామన్నది మాట. మొదటి రెండు రోజుల మాత్రల ఖర్చు అదనం. హెటిరో ఆ ఖర్చు 17 డాలర్లు దాటదంది.

మనవాళ్లకు ఇంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ కథ మొదలయ్యేది బాలానగర్‌లో. సోవియట్ సాయంతో 1960ల్లో అక్కడ ఐడీపీఎల్ కర్మాగారం వెలిసింది. జీతాల సంగతేమో గానీ, అది మందుల తయారీ నేర్పిన బడి. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1993లో పార్థసారథిరెడ్డి హెటిరో పెట్టారు. 1970 నాటి మన పేటెంట్ చట్టం కూడా కలిసొచ్చింది. మందుకు కాదు, తయారీ పద్ధతికే పేటెంట్ అందా చట్టం. వేరే దారిలో అదే మందు తయారుచేస్తే తప్పులేదు. ఆ ధీమాతోనే 2001 ఫిబ్రవరిలో ముంబయికి చెందిన సిప్లా, మూడు హెచ్ఐవీ మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ప్రకటించి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. అప్పటికి ఆ వైద్యానికి పది వేల డాలర్లు పైనే! 2005లో చట్టం మారి మందులకూ పేటెంట్లు వచ్చాయి. అయినా లైసెన్సులు తీసుకుని, పెద్దఎత్తున తయారుచేసి, మనవాళ్లు ధరలు దించుతూనే వచ్చారు. 2017లో హైదరాబాద్ కంపెనీ అరబిందో, మైలాన్ కలిసి చికిత్సకు వాడే కొత్త మూడు మందుల మాత్రను ఏడాదికి 75 డాలర్లకు ఇస్తామన్నాయి. 2023 నాటికి గ్లోబల్ ఫండ్ దాన్ని 45 డాలర్లకంటే తక్కువకే కొంటోంది.

ఇదంతా దానధర్మం కాదు, వ్యాపారమే. ఈ పరిశ్రమ గురించి ఎప్పుడు రాసినా పటాన్‌చెరు చుట్టుపక్కల పాడైన చెరువులు గుర్తురాక మానవు. ఆ బాకీ అలాగే ఉంది. కానీ జాంబియాలో ఓ అమ్మాయి బతికి బట్టకట్టడానికి మన ఊరి మందు పనికొస్తే కాదనగలమా?

లండన్‌కు మన మాత్రలు

చవక మందు పేద దేశాలకే కావాలనుకుంటే పొరపాటు. అసలు విచిత్రం లండన్‌లో జరిగింది.

ఇంగ్లండ్‌లో 544 మంది మీద జరిగిన పరీక్షలో రోజూ మాత్ర వేసుకున్నవాళ్లకు ముప్పు 86 శాతం తగ్గిందని 2015లో తేలింది. ఇంకేం, ప్రభుత్వ వైద్యసేవల్లో ఉచితంగా ఇస్తారని అందరూ ఎదురుచూశారు. 2016 మార్చిలో ఇంగ్లండ్ ఆరోగ్యసేవల సంస్థ చేతులెత్తేసింది. నివారణ తన బాధ్యత కాదంది. బయట కొనుక్కుందామంటే గిలీడ్ వారి ట్రువాడా నెలకు దాదాపు 400 పౌండ్లు.

బెల్‌ఫాస్ట్ నుంచి లండన్ వచ్చి స్థిరపడిన గ్రెగ్ ఓవెన్ అనే యువకుడు 2015 ఆగస్టులో ఎలాగో మాత్రలు సంపాదించి, మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించుకున్నాడు. అప్పటికే వైరస్ సోకిందని తెలిసింది. కొద్ది వారాల ముందు మాత్ర అందుబాటులో ఉండుంటే అతని కథ వేరేగా ఉండేదేమో. అతను ఆ సంగతి దాచలేదు. ఫేస్‌బుక్‌లో అందరికీ చెప్పాడు. అది చూసినవాళ్లు 'ఏంటా మాత్ర? ఎక్కడ దొరుకుతుంది?' అని అడగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పలేక, మిత్రుడు అలెక్స్ క్రాడక్‌తో కలిసి అక్టోబరులో ఒక వెబ్‌సైట్ తెరిచాడు. సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా మందు విదేశాల నుంచి తెప్పించుకోవడం బ్రిటన్‌లో నేరం కాదు. ఎవరి దగ్గర నమ్మకంగా కొనొచ్చో ఆ సైట్ చెప్పేది. అలా వచ్చినవాటిలో మన దేశంలో తయారైన జెనరిక్ మాత్రలే ప్రధానం. నెలకు 40, 50 పౌండ్లు. పదోవంతు ధర!

అయితే ఒక భయం. పోస్టులో వచ్చిన ఆ బిళ్లలో మందుందా, సుద్దముక్కేనా? లండన్ డాక్టర్లు కొందరు ఇక్కడే పెద్దమనసు చూపించారు. 'మాకు చెప్పకుండా కొంటారా' అని కసురుకోలేదు. కొన్నవాళ్లను రమ్మని, రక్తంలో మందు ఎంత చేరిందో పరీక్షించారు. ఉండాల్సినంతా ఉంది. నగరంలోని డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో 2016లో కొత్త కేసులు దాదాపు 40 శాతం తగ్గాయి. అదంతా మాత్రల చలవే అనలేం. తరచూ పరీక్షలు, సోకినవాళ్లకు ఆలస్యం లేకుండా చికిత్స కూడా తోడయ్యాయి. ఈలోగా నేషనల్ ఎయిడ్స్ ట్రస్ట్ కోర్టుకెక్కింది. 2016 ఆగస్టులో గెలిచింది, నవంబరులో అప్పీలులోనూ గెలిచింది. అయినా ఇంగ్లండ్‌లో అందరికీ మామూలుగా, ఉచితంగా ఇవ్వడానికి 2020 దాకా పట్టింది. ఒక డబ్బున్న దేశం తన పౌరులకు మందివ్వాలా వద్దా అని అన్నేళ్లు తర్జనభర్జన పడుతుంటే, ఆ ఖాళీని పూరించింది పోస్టులో వెళ్లిన మన మాత్రలు.

అమెరికాలోనూ అంతే. నెలకు 2 వేల డాలర్లకు చేరువైన ట్రువాడాకు 2021లో వరసగా జెనరిక్‌లు పోటీకొచ్చాక అదే మందు పదుల డాలర్లకు దిగొచ్చింది.

ప్రయోగానికి పనికొచ్చారు గానీ...

మళ్లీ సూది దగ్గరకొద్దాం. 120 దేశాలని చెప్పుకొన్నాం. ఆ జాబితాలో లేనివాళ్ల సంగతేంటి? బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ లేవు. చిత్రమేంటంటే, రెండో పరీక్ష జరిగిన దేశాల్లో ఈ నాలుగూ ఉన్నాయి! మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి అక్కడి జనం ఒళ్లప్పగించారు. తేలాక, మీరు మరీ పేదవాళ్లు కాదు కాబట్టి చవక మందు మీకు రాదన్నారు. కంపెనీ లెక్కలు కంపెనీకి ఉండొచ్చు. నాకైతే ఇది న్యాయంగా అనిపించలేదు.

జాబితాలో ఉన్నవాళ్లకూ అన్నీ సాఫీగా లేవు. మూడేళ్లలో 20 లక్షల మందికి ఈ మందు అందిస్తామని అమెరికా ప్రభుత్వం, గ్లోబల్ ఫండ్ ప్రకటించాయి. 2025 నవంబరులో మొదటి విడత ఎస్వాతినీ, జాంబియాలకు చేరింది. అదే సంవత్సరం ఆరంభంలో అదే అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నట్టుండి నిలిపేయడంతో ఆఫ్రికాలో ఎన్నో క్లినిక్‌లు మూతపడ్డాయి. మందు చేరినా వేసే నర్సు ఉండాలి కదా. 2024లో ప్రపంచవ్యాప్తంగా 13 లక్షల మందికి కొత్తగా హెచ్ఐవీ సోకింది. దాని పక్కన 20 లక్షల మందికి మూడేళ్లలో అన్నది చిన్న అంకె.

మరి మన సంగతి?

లైసెన్సు దేశాల్లో మనమూ ఉన్నాం. తయారయ్యేదీ ఇక్కడే. 2021 జాతీయ అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.2 లక్షల మంది, తెలంగాణలో సుమారు 1.58 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. 15-49 ఏళ్లవారిలో దేశ సగటు 0.21 శాతమైతే ఆంధ్రలో 0.67, తెలంగాణలో 0.47. ఈశాన్య రాష్ట్రాలు మూడింటిని మినహాయిస్తే మనదే పైచేయి. ఇలాంటి విషయంలో కాకపోతే సంతోషించేవాళ్లమే.

చికిత్స విషయంలో మన దేశం మంచి పనే చేసింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోయినవాళ్ల నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని కూడా ఇప్పుడు నిర్ధారణగా తెలుసు. అంటే చికిత్స కూడా ఒకరకంగా నివారణే. సోకనివాళ్లకిచ్చే మందు దగ్గరే మనం నెమ్మదిగా నడుస్తున్నాం. కోల్‌కతా సోనాగాచిలో, మైసూరులో సెక్స్ వర్కర్ల సంఘాలు దాదాపు దశాబ్దం కిందటే రోజువారీ మాత్రను ప్రయోగాత్మకంగా అందించి చూశాయి. ఇస్తే మహిళలు చక్కగా వాడతారని తేలింది. 2022లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు విడుదల చేసింది. కానీ చికిత్స మందుల్లాగా ప్రతి జిల్లాలో అడిగినవారికి ఉచితంగా దొరికే స్థితికి మాత్రం ప్రెప్ రాలేదు. డాక్టరు చీటీతో బయట కొనుక్కోవాల్సిందే. రోజు కూలికి వెళ్లే మనిషి నెలనెలా కొనగలదా? ఆరు నెలల సూది వచ్చినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఒక చిన్న లెక్క. లక్ష మందికి ఏడాదికి మూడున్నర వేల చొప్పున సూదిమందుకే అయితే 35 కోట్లు. పరీక్షలు, సిబ్బంది ఖర్చు దానికి అదనం. ఒక్కసారి సోకితే జీవితాంతం మందులివ్వాల్సింది కూడా ప్రభుత్వమే కాబట్టి, ఈ లెక్కను అధికారులు ఒకటికి రెండుసార్లు వేసి చూడటం మంచిది.

చివరగా కొన్ని జాగ్రత్తలు. ప్రెప్ ఏ రూపంలో తీసుకోవాలన్నా ముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. అప్పటికే వైరస్ ఉండి, తెలియక ఈ మందులు వాడితే అది మందుకు లొంగనిదిగా మారిపోవచ్చు. మాత్రలు వాడేవాళ్లకు కిడ్నీ పనితీరు, హెపటైటిస్-బి కూడా చూస్తారు. మూడు నెలలకోసారి మళ్లీ పరీక్ష. స్నేహితుడి డబ్బాలోంచి నాలుగు బిళ్లలు తీసుకుని వేసుకోవడం ఎంతమాత్రం పనికిరాదు. సుఖవ్యాధులను, గర్భాన్ని ఇది ఆపదు. కండోమ్ అవసరం తీరిపోలేదు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. మన అనుమతి లేకుండా పరీక్ష చేయడానికి గానీ, ఫలితాన్ని మరొకరికి చెప్పడానికి గానీ వీల్లేదని 2017 నాటి చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయొచ్చు. ఉచితం.

ఇంకొక్కటి. డ్యూటీలో సూది గుచ్చుకున్న నర్సులు, అత్యాచారానికి గురైనవారు, ఏ కారణంగానైనా వైరస్ సోకి ఉంటుందేమోనని భయపడుతున్నవారు ఆరు నెలల సూది కోసం ఎదురుచూడక్కర్లేదు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మాత్రలు వేరే ఉన్నాయి. ఆస్పత్రికి వెళ్లగానే అడగాలి. 72 గంటలు ఉన్నాయి కదా అని మూడో రోజు దాకా ఆగొద్దు. మొదటి గంటల్లోనే వేసుకుంటే ఫలితం ఎక్కువ.